అన్న పరిచిన రాయి

ఇంట్లో పాత నాపరాళ్ళు పీకేసి టైల్స్ వేయిస్తున్నామని వదిన ఫోన్ చేసి చెప్పింది.  అసలు మాట ఆ వెనకే వచ్చింది. "గడప కాడి రాయి గూడా లేపారు శీనయ్యా. బోర్లా పరిచి ఉందిగా, తిప్పితే నీ బంతి మచ్చలన్నీ అట్టాగే ఉన్నయ్యి. పారెయ్యమంటావా, తీసకపోతావా?" అంది. వస్తున్నా వదినా, అప్పటిదాకా ఉంచమను అన్నాను. మర్నాడు పొద్దున్నే నరసరావుపేటలో మాచర్ల బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. దారి పొడుగునా ఆ రాయి తప్ప ఇంకోటి తలపుకి రాలేదు.

మాచర్లలో మా వీధి మొత్తం రాతి పనివాళ్ళదే. ఫ్యాక్టరీలో అంచు విరిగిన బండ, చార తేలిన బండ, అమ్మకానికి పనికిరాని ప్రతి బండా మా ఇళ్ళలోకి వచ్చి చేరేది. మేం పడుకునేది రాయి మీద, అంట్లు తోమేది రాయి మీద, నీళ్ళతొట్టి మీద మూత కూడా రాయే. ఎండాకాలం మధ్యాహ్నాలు అమ్మ నేల మీద నీళ్ళు చల్లితే తడిసిన రాతి వాసన ఒకటి లేచేది. దానితో పాటు గూట్లో సిబ్బి కింద దాచిన బెల్లం వాసన. ఈ రెండూ కలిసిన వాసనే నాకు ఇల్లంటే. బెల్లం పిండివంటలకి కాదు. రాతి పనికి పోయి వచ్చిన మనిషి ముందు గడప మీద కూర్చోవాలి, అమ్మ అరచేతిలో పెట్టిన బెల్లపు ముక్క నమిలి మింగాలి, చెంబెడు నీళ్ళు తాగాలి, ఆ తర్వాతే లోపలికి అడుగు పెట్టాలి. గుండెల్లో చేరిన రాతిపొడిని బెల్లం లాక్కుని కడుపులోకి దించుతుందని మా వీధిలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. ఫ్యాక్టరీ యజమాని కూడా పండక్కీ పబ్బానికీ పనివాళ్ళకి బెల్లం దిమ్మలు పంచేవాడు. మా నాయన ఆయన్ని ధర్మప్రభువు అనేవాడు. ముక్కుకి గుడ్డ కట్టుకునేవాణ్ణి చూస్తే మా వాళ్ళకి నవ్వు. బెల్లం తినేవాడికి గుడ్డెందుకు?

ఆ బెల్లం తింటూనే నాయన దగ్గి దగ్గి పోయాడు. చివర్లో పడుకోలేక గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు. వీధి వీధంతా క్షయ అంది, మేమూ క్షయే అనుకున్నాం. దినవారాలు కాగానే ఆయన నిలబడ్డ కటింగ్ మిషను దగ్గరే మా అన్న వెంకటేశ్వర్లు నిలబడ్డాడు. అప్పటికి వాడికి మీసాలు సరిగ్గా రాలేదు. ఆ తర్వాత శావల్యాపురం వైపు నుంచి కోటేశ్వరమ్మ మా ఇంటికి వదినగా వచ్చింది. పచ్చటి పొలాల మధ్య పెరిగిన పిల్ల, వచ్చిన కొత్తల్లో మా ఇంటి నేల చూసి, "ఏంది, ఇంట్లో గూడా రాళ్ళేనా?" అని బిత్తరపోయింది. అమ్మ ఆ మాటని నెలల తరబడి వీధిలో చెప్పుకుని నవ్వింది.

నేను చదువులో అంతంత మాత్రం. క్రికెట్ ఆటలో మాత్రం నా చేతిలో జోరుంది. మా హైస్కూల్లో ఖాసిం మాస్టారని డ్రిల్లు మాస్టారుండేవారు. స్కూలు టీములో చేరి జిల్లా మ్యాచీలు ఆడినవాడికి సర్టిఫికెట్ వస్తుందనీ, అది చూపిస్తే మార్కులు కాస్త తగ్గినా పాలిటెక్నిక్‌లో సీటిస్తారనీ ఆయన ఒకసారి బజార్లో అన్నతో అన్నారు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని అన్న ఒకటే మాట చెప్పాడు. "ఇంట్లో రాయి కాడికి పోయింది ఇద్దరం చాలు. నువ్వు టీములో చేరు." అప్పటిదాకా నాకు సరదా అయిన ఆట ఆ పూట నుంచి సరదా కాకుండా పోయింది. టీములో చోటు దొరక్కపోతే పదో తరగతి తర్వాత నేనెక్కడ నిలబడతానో నాకు కళ్ళ ముందే కనపడుతోంది.

మాస్టారి పద్ధతి మహా నిక్కచ్చి. ఆదివారం ఆదివారం పిల్లల్ని రెండు జట్లు చేసి ఆడించేవారు. బంతి వేసేవాడు ఇచ్చుకున్న పరుగుల్ని, తీసిన వికెట్లతో భాగిస్తే వచ్చేది యావరేజీ. డ్రిల్లు గది ఆకుపచ్చ తలుపు మీద పేరూ, పక్కన యావరేజీ సుద్దముక్కతో రాసేవారు. ఎంత తక్కువుంటే అంత గొప్ప. అందరికంటే పెద్ద అంకె నాది. జోరుగా వేసేవాణ్ణి గానీ, బంతి ఎక్కడ పడుతుందో నాకే తెలిసేది కాదు. ఒకటి నడుం ఎత్తున పోయేది, ఇంకొకటి నా కాళ్ళ ముందే పడేది. ఒకసారి యావరేజీ కాస్త దిగిందని ఎగురుకుంటూ వచ్చి చెబితే అమ్మ చెంప మీద చెయ్యి పెట్టుకుని, "తక్కువొస్తే సంబరమేందిరా నీ మొహం! మార్కులూ తక్కువే, ఇయ్యీ తక్కువే" అంది. వదిన పొయ్యి దగ్గర కూర్చుని ఊదుగొట్టం పక్కన పడేసి మరీ నవ్వింది. ఆ ఇంట్లో అంత గట్టిగా నవ్విన చప్పుడు ఆ తర్వాత నేను వినలేదు.

ఎండాకాలం సెలవుల్లో అన్న నన్ను ఫ్యాక్టరీ వెనక దొడ్లోకి తీసుకుపోయాడు. బండలు కోసేటప్పుడు బ్లేడు మీద నీళ్ళు ధార కట్టాలి. నీళ్ళుంటే పొడి లేవదు, తెల్లటి బురదై దొడ్లోకి పారుతుంది. వానలూ చలీ ఉన్నన్నాళ్ళూ పారిన బురద ఎండలకి గట్టిపడి, ఒక్క గులకరాయి లేని మైదానం అయ్యేది. మాచర్లలో అంత చదునైన నేల ఇంకోటి లేదు. ఆ ఏడు బోరు పూర్తిగా అడుగంటింది. పని ఆపితే కూలి లేదు కాబట్టి పొడి బ్లేడుతోనే కోసేవాళ్ళు. మధ్యాహ్నానికి షెడ్డులో మనిషికి మనిషి కనపడేవాడు కాదు. నీళ్ళు లేకపోబట్టే నాకు ఆడుకోను నేల దొరికింది, నీళ్ళు లేకపోబట్టే అన్న గుండెల్లోకి ఆ ధూళంతా చేరింది. అప్పట్లో నాకు నేలే కనపడింది.

మొదట్లో పొద్దున్నే, పనిలోకి వెళ్ళకముందు, అన్నే బ్యాటు పట్టుకుని నిలబడేవాడు. నా బంతులు కొన్నాళ్ళు చూసి, ఒకరోజు షెడ్డులోంచి నున్నటి బండ ఒకటి భుజాన పెట్టుకొచ్చాడు. బంతి ఎక్కడ పడితే ఆడేవాడు ముందుకు రావాలో వెనక్కి పోవాలో తేల్చుకోలేడో, సరిగ్గా అక్కడ దాన్ని పరిచాడు. ఊరికే పరచలేదు. కింద మన్ను కాస్త తోడి, అంచుల్లో ఇసుక పోసి, నడుమ బోలుగా వదిలాడు.

"ఎందుకన్నా అట్టా?" అన్నాను.

"బోలుంటేనే రాయి పలుకుద్ది. నువ్వేసిన బంతి దీని మీద పడిందనుకో, ఖంగుమంటది. పక్కన పడితే దబ్బుమంటది. నీ కళ్ళు నిన్ను మోసం చేస్తన్నయ్యిరా. చెవులతో నేర్చుకో."

రాతి వాళ్ళ విద్యే అది. బండ మంచిదో కాదో మా వాళ్ళు చూసి చెప్పరు. వేలి కణుపుతో కొట్టి చెవి ఒగ్గుతారు. లోపల పగుళ్ళు లేని రాయి కంచులాగా పలుకుతుంది. లోపల ఎక్కడో చార వదిలిందంటే, పైన అద్దంలా ఉన్నా సరే, మొద్దు చప్పుడు చేస్తుంది. అలాంటి దాన్ని పక్కకి నెట్టేస్తారు, మిషను ఎక్కించరు. అన్నకి ఆ చెవి నాయన నుంచి వచ్చింది. షెడ్డులో ఎక్కడో నాలుగు వరసల అవతల ఎవడో బండ మీద కొడితే, తల తిప్పకుండా, "అది తీసెయ్యరా" అనేవాడు.

కొన్నాళ్ళకి అన్న బ్యాటు పట్టడం మానేశాడు. బండల దొంతి మీద నాకు వీపు పెట్టి కూర్చుని, వదిన గ్లాసులో పోసిచ్చిన టీ తాగుతూ చప్పుడు వినేవాడు. "కాదు... కాదు... ఊఁ, ఇదీ... మళ్ళా కాదు." వాడలా చూడకుండా చెబుతుంటే అదేదో కొత్త రకం శిక్షణ అని నేను మురిసిపోయాను, స్నేహితుల దగ్గర గొప్పలు పోయాను. బ్యాటు పట్టుకుని నిలబడే ఊపిరి వాడికి లేదని తట్టలేదు. నేను బంతి తెచ్చుకోను పరిగెత్తినప్పుడల్లా వెనక సన్నగా దగ్గు వినపడేది. ఆట అయ్యాక ఇద్దరం గడప మీద కూర్చునేవాళ్ళం. అమ్మ వాడి చేతిలో ఒక ముక్క, నా చేతిలో ఒక ముక్క బెల్లం పెట్టేది. అన్న ముక్క ఆ ఎండాకాలం పెద్దదవుతూ వచ్చింది.

రాయి పలకడం ఎక్కువైంది. స్కూలు తెరిచాక మొదటి ఆదివారమే తలుపు మీద నా అంకె కిందికి జారింది. మరుసటి ఆదివారం ఇంకా దిగింది. స్కూలు నేల ఎర్రమన్ను, దాని మీద బంతి ఎక్కడ పడ్డా ఒకటే చప్పుడు. అయినా చెయ్యి వదిలేటప్పుడు నా చెవిలో ఖంగుమనేది, బంతి అక్కడికే పోయేది. టీములో బౌలర్లందరూ ఖాయమై ఒక్క చోటు మిగిలింది. దానికి నేనూ, నాకంటే పై తరగతి కుర్రాడొకడూ పోటీ. వాడి యావరేజీ నాకంటే కొద్దిగా తక్కువ. "వచ్చే ఆదివారం తేల్చేస్తా" అన్నారు ఖాసిం మాస్టారు.

ఆ వారంలోనే అన్న మిషను దగ్గర పడిపోయాడు. నేనూ వదినా వాణ్ణి బస్సులో నరసరావుపేట తీసుకెళ్ళాం. చంకలో తన పసివాడితో వదిన బయట బల్ల మీద కూర్చుంది, నేను అన్నతో లోపలికి వెళ్ళాను. పెద్ద వయసు డాక్టరు, నెమ్మదైన మనిషి. ఎక్స్‌రే ఫోటో తీయించారు, వెలుతురుకి ఎత్తి చూశారు. తర్వాత అన్న చొక్కా విప్పించి, వీపు మీద ఎడమ అరచెయ్యి ఆనించి, దాని మీద కుడిచేతి వేలితో టకటకా కొట్టడం మొదలుపెట్టారు. పైన కొట్టి, కింద కొట్టి, ఎడమ పక్కా కుడి పక్కా కొట్టి చూస్తున్నారు. అన్న తల కాస్త పక్కకి వంచాడు. ఆ వంపు నాకు బాగా తెలుసు. షెడ్డులో బండ కొట్టినప్పుడు వాడు అలాగే వంచేవాడు. కుడి పక్క కింద వేలు పడ్డప్పుడు వాడి ముఖంలో నెత్తురు లేకుండా పోయింది. "ఇది క్షయ కాదు నాయనా, రాతిపొడి. ఆ పని ఇక చేయకూడదు" అన్నారు డాక్టరు. పోయిన ఊపిరి మందులతో రాదని కూడా దాచకుండా చెప్పారు. ఆయన చెప్పకముందే అన్నకి ఆ వేలి చప్పుడులో తెలిసిపోయింది.

తిరుగు బస్సులో పిడుగురాళ్ళ దాటాం. అప్పుడు అన్న కిటికీ వైపు చూస్తూ, "ఇన్నావా?" అన్నాడు.

"ఏందన్నా?"

"కుడిపక్కన పలకలేదురా."

ముందు సీట్లో పిల్లాణ్ణి ఒళ్ళో వేసుకున్న వదిన వెనక్కి తిరగలేదు. నిద్రపోతోందనుకున్నాను.

శనివారం సాయంత్రం ఫ్యాక్టరీ మేస్త్రీ వచ్చాడు. చెడ్డవాడేం కాదు. నాయనతో కలిసి పనిచేసిన మనిషి. అరుగు మీద కూర్చుని, తువ్వాలు దులిపి, అమ్మతో, "మిషను ఖాళీగా ఉంది వదినా. బయటోణ్ణి పెడితే మళ్ళా మీకు పట్టు పోద్ది. చిన్నోణ్ణి పంపించు, చెయ్యి తిరిగిందాకా నేను చూసుకుంటా" అన్నాడు. మా వీధి ఆనవాయితీ అది. మనిషి పడిపోతే ఆ చోటు ఇంట్లో వాళ్ళదే, అదే పెద్ద ఆదరణ. అమ్మ నా వైపు చూసింది. ఇంట్లో బియ్యం అడుగంటాయని ఆమె చూపులోనే ఉంది. నేను తల దించుకున్నాను. నాకు బతకాలనుంది, ఆ మాట అనడానికి సిగ్గుగా ఉంది.

లోపల గోడకి ఆనుకుని కూర్చున్న అన్న దగ్గు మధ్యలోంచి, "వాడు రాడు మేస్త్రీ. రేపు వాడికి ఆటుంది" అన్నాడు.

"ఆటేందిరా? ఆటలు కూడు పెడతయ్యా?" అన్నాడు మేస్త్రీ. ఎగతాళిగా కాదు, నిజంగానే అర్థం కాక అడిగాడు.

అప్పుడు వదిన పిల్లాణ్ణి తెచ్చి అమ్మ ఒళ్ళో కూర్చోబెట్టింది. "నేనొస్తా బాబాయ్. మిషను కాడ కాకపోతే బండలు మోస్తా, పాలిష్ కాడ నిలబడతా. ఏ పనైనా సరే. పొద్దున్నే వస్తా" అంది. ఎవరి ముఖమూ చూడకుండా అంది. శావల్యాపురం పొలాల్లోంచి వచ్చి, ఇంట్లో రాళ్ళేంటని అడిగిన పిల్ల. అన్న ఏదో అనబోయాడు, దగ్గు అననివ్వలేదు.

ఆదివారం నేను స్కూలుకి, వదిన ఫ్యాక్టరీకి ఒకేసారి గడప దాటాం. ఆ రోజు నేను ఆడినట్టు మళ్ళీ ఎప్పుడూ ఆడలేదు. ఆనందంగా ఆడలేదు. కసిగా ఆడాను. ప్రతి బంతికీ చెవిలో రాయి పలికింది. వికెట్లు పడుతుంటే పిల్లలు అరుస్తున్నారు, నాకు డాక్టరు వేలి చప్పుడే వినపడుతోంది. ఆట అయ్యాక మాస్టారు తలుపు మీద పాత అంకె చెరిపి కొత్తది రాశారు. పై తరగతి కుర్రాడి కంటే నాదే తక్కువ. "టీములో ఉన్నావురా" అని వీపు తట్టారు. ఇంటికి పరిగెత్తాను.

అన్న గోడకి ఆనుకునే ఉన్నాడు. చెబితే కళ్ళు మూసుకుని, "దిగిందా!" అన్నాడు.  నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. అలా ఉండగానే వదిన వచ్చింది. తల, కనుబొమలు, రెప్పలు అన్నీ తెల్లగా, ఒక్క పూటలో ముసలిదైపోయినట్టుంది. ఎవరూ చెప్పకుండానే గడప మీద కూర్చుంది. అమ్మ గూట్లోంచి బెల్లం తెచ్చి ఆమె అరచేతిలో పెట్టింది.

"అమ్మా, పెట్టమాక." అన్న గొంతు అంత గట్టిగా ఎలా వచ్చిందో తెలియదు. పాక్కుంటూ గడప దాకా వచ్చాడు. తన మెడలోని తువ్వాలు తీసి, వదిన ముక్కూ నోరూ చుట్టి, తల వెనక ముడి వేసి చూపించాడు. "ఇట్టా కట్టుకోవే. తడిపి కట్టుకో. ఎవడన్నా నవ్వితే నవ్వనీ. బెల్లంతో ఏం గాదు. నాయన తిన్నాడు, నేను తిన్నా."

అమ్మ అక్కడే నిలబడిపోయింది. ఆమె చేత్తో ఎన్నేళ్ళు పెట్టింది, ఎంత నమ్మకంతో పెట్టింది. నాయనకి పెట్టింది, కొడుక్కి పెట్టింది, కొడుకు దగ్గు ఎక్కువైతే ముక్క ఇంకాస్త పెద్దది చేసింది. వదిన చేతిలోంచి బెల్లం తీసుకుని, గూట్లో ఉన్నదంతా కొంగులో వేసుకుని వెళ్ళి పెంటదిబ్బ మీద పారబోసి వచ్చింది.  మంచం కోడు పట్టుకుని కింద కూర్చుంది. చనిపోయేదాకా అమ్మ మళ్ళీ బెల్లం ముట్టుకోలేదు. ఉగాదికి మా ఇంట్లో పచ్చడి ఉండేది కాదు.

జిల్లా మ్యాచీకి మేం గుంటూరు వెళ్ళొచ్చేసరికి అన్న బాగా నీరసించాడు. "పలికిందా?" అని అడిగాడు. "ఆడే చోట చాప పరిచారన్నా, దాని మీద ఏదీ పలకదు. కానీ బంతి అక్కడే పడింది" అన్నాను. తృప్తిగా తలూపాడు. ఒకనాడు నా చేతా, మేస్త్రీ కొడుకు చేతా దొడ్లో రాయి తెప్పించి, పక్కన కూర్చుని చెబుతూ, గడప ముందు బోర్లా పరిపించాడు. అక్కడే ఎందుకని నేను అడగలేదు, వాడూ చెప్పలేదు. చలి ముదరకముందే పోయాడు. సర్టిఫికెట్ వాడు చూడలేదు.

సీటొచ్చింది, ఉద్యోగమొచ్చింది, నరసరావుపేటలో ఇల్లొచ్చింది. ఈ మూడింటికీ కింద వదిన మోసిన బండలున్నాయి. కొడుకు చేతికందేదాకా ఆమె ఆ ఫ్యాక్టరీలోనే నిలబడింది, ఒక్కరోజు కూడా ముక్కున తడిగుడ్డ లేకుండా పోలేదు. వీధిలో నవ్వినవాళ్ళు ఒక్కొక్కరే పోయారు, ఈమె మిగిలింది. కొడుకు సెల్‌ఫోన్ల షాపు పెట్టుకున్నాడు. ఇప్పుడు మాచర్ల పిల్లలు నెట్లు కట్టిన చోట, బంతులు విసిరే మిషను ముందు నేర్చుకుంటున్నారు. ఏ బంతి ఎక్కడ పడిందో ఫోన్‌లో చూసుకుంటారట. వాళ్ళని చూస్తే నాకు అసూయ లేదు. ఆట నేర్చుకోను వాళ్ళ ఇంట్లో ఎవరి ఊపిరీ ఖర్చు కావడం లేదు, అది చాలు. కానీ ఊరి చివర షెడ్లలో ఎండాకాలం ఇప్పటికీ పొడి లేస్తూనే ఉంది. యజమానులు బెల్లం బదులు కాగితపు మాస్కులు పంచుతున్నారు. చెమటకి అవి పూటలో చిరిగిపోతాయి.

నేను వెళ్ళేసరికి రాయి ఇంటి ముందు రెండు ఇటుకల మీద ఆనించి ఉంది. కార్కు బంతి కొట్టిన మచ్చలు ఒకదాని మీద ఒకటి, నడుమ దగ్గర దగ్గరగా, అంచుల్లో అక్కడక్కడా. అన్న వీపు కళ్ళ ముందు కనపడింది, దొంతి మీద టీ గ్లాసు కనపడింది. లోపల టైల్స్ వేసే కుర్రాళ్ళు ఏదో పాట పెట్టుకున్నారు. నేను గొంతుక్కూర్చుని, అలవాటు చొప్పున, వేలు మడిచి కణుపు రాతి మీదికి తెచ్చాను.

వదిన గబుక్కున వంగి నా మణికట్టు పట్టుకుంది. డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన ఆ బస్సులో ఆమె నిద్రపోలేదని నాకు అప్పుడు తెలిసింది.

"కొట్టమాక శీనయ్యా," అంది. "అది పలుకుద్ది. ఇన్నేళ్ళయినా అది పలుకుద్ది. నేను ఇనలేను."